ఆరో మీటరు

మా అక్కకు నీళ్ళంటే భయం. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆవిడ ఉద్యోగమే నీళ్ళతో. రోజూ పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఐదుకీ నది ఒడ్డున మెట్లు దిగాలి, నీళ్ళలో పాతిన కొలబద్ద మీద మట్టం ఎంతుందో చూడాలి, పుస్తకంలో రాయాలి, పై ఆఫీసుకు ఫోను చేసి చెప్పాలి. మొత్తం పద్దెనిమిది మెట్లు. చేతికి కమ్మీ లేనిదే ఒక్క మెట్టు దిగదు. పదిహేడేళ్ళుగా దిగుతోంది, పదిహేడేళ్ళుగా ఆ కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

ఆ పుస్తకమంటే పై ఆఫీసు ఇంజనీరుకు ఒళ్ళుమంట. నెలకు ఒకటో రెండో గళ్ళలో అంకె ఉండదు. పొగమంచుకు కొలబద్ద కనబడని రోజునో, వరద కట్టమీదికి వచ్చి మెట్లు మునిగిన రోజునో, అక్క ఆ గడిలో "చూడలేదు" అని రాసి సంతకం పెడుతుంది.

"మొన్న పన్నెండు, ఇవాళ పద్నాలుగు. మధ్యలో పదమూడు వేసెయ్యొచ్చుగా తల్లీ! నీ సొమ్మేం పోయింది?" అని ఇంజనీరు ఎన్నోసార్లు మొత్తుకున్నాడు.

"చూడనిది ఎలా రాయనండీ?" అంటుంది అక్క. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం కొండలా కూర్చుంటుంది. అందరూ అది మొండితనం అంటారు. భయం అంటాను నేను. ఆ భయం ఎక్కడ పట్టుకుందో నాకు బాగా తెలుసు, ఆ వేళ నేనూ నీళ్ళలోనే ఉన్నాను, నా జడ ఆవిడ గుప్పిట్లో ఉంది.

చిన్నప్పుడు నేను అక్కను బెదురుగొడ్డు అని పిలిచేదాన్ని. అమ్మ తిట్టేది, నేను మానేదాన్ని కాదు. నాకు భయమంటే ఏమిటో తెలియదు. గోడలెక్కేదాన్ని, కుక్కల నోట్లో చేతులు పెట్టేదాన్ని. అక్కేమో స్నానాల గదిలో బకెట్టు అడుగు కనబడకపోతే అందులో చెంబు ముంచేది కాదు. "అడుగు కనబడని నీళ్ళలో ఏముందో ఎవరికి తెలుసు?" అనేది. "ఏముంటుందే, మొసలా?" అని నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

అలాంటి పిల్ల బడి చివరి రెండేళ్ళకు భూగోళశాస్త్రం తీసుకుంది. ఎందుకే అంటే, "మ్యాపులో నదులు తడిగా ఉండవుగా" అంది. నిజానికి దానికి గీతలంటే ప్రాణం. సాయంత్రం అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంటే, అక్క ఆ కింద నేలమీద కాగితాలు పరుచుకునేది. ఒకే ఎత్తున్న చోట్లన్నిటినీ కలుపుతూ గోధుమరంగు పెన్సిలుతో వంకర గీతలు గీసేది. గీతలు దగ్గరగా ఉంటే నిటారు కొండ, దూరంగా ఉంటే వాలు నేల. మిషను చప్పుడుకు నేల అదిరినా గీత అదిరేది కాదు. బడి అయ్యాక సర్వేయరు కోర్సులో చేరాలని దాని ఆశ. ఆ కోర్సుకు భూగోళంలో మంచి మార్కులు కావాలి, అందులో ముప్పై మార్కులు ప్రాక్టికల్ రికార్డువి. ఆ రికార్డు పుస్తకానికి అట్టవేసి, నేను ముట్టుకోకుండా బీరువా మీద పెట్టేది.

కొలవడం దానికి పిచ్చి. అమ్మ టేపు దొరికితే చాలు, మంచం కొలిచేది, గుమ్మం కొలిచేది, ప్రతి పుట్టినరోజుకూ నన్ను వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి నెత్తిన స్కేలు పెట్టి గీత గీసేది. "కదలకే పొట్టీ, మడమలెత్తి దొంగతనం చెయ్యకు!" అనేది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు గీత పక్కన ఒక మీటరు ముప్పై ఎనిమిది అని రాసింది. ఎన్నిసార్లు మడమలెత్తినా అంతకంటే ఒక్క సెంటీమీటరు ఇవ్వలేదు.

వాళ్ళ మాస్టారిని బడి అంతా గ్లోబు మాస్టారు అనేది. గుండు నున్నగా, కాస్త ఒక పక్కకు వాలి ఉండేది. మంచి మనిషి, కానీ పాఠం మొదలెడితే ఒంటిమీద తెలివి ఉండేది కాదు. రోడ్డుమీద కూడా పిల్లల వైపు తిరిగి వెనక్కి నడుస్తూ పాఠం చెప్పేవాడు. రెండుసార్లు సైకిలు గుద్దింది.

అక్క పదకొండో తరగతిలో ఉన్నప్పుడు ఆయన పిల్లల్ని బృందాలుగా చేసి బడి వెనక వాగు కొలవమన్నాడు. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు టేపు లాగి పట్టుకోవాలి, ఒకరు నీళ్ళలో దిగి, ఒక్కో మీటరు దగ్గరా ఎరుపూ తెలుపూ పట్టీల కొలకర్ర దించి, లోతెంతో కేక వెయ్యాలి, ఒడ్డునున్నవాళ్ళు రాసుకోవాలి. ఆ అంకెలతో గ్రాఫు కాగితం మీద వాగును అడ్డంగా కోసినట్టు బొమ్మ గియ్యాలి. అక్క బృందానికి వచ్చింది వాగు మలుపు. బృందంలో ముగ్గురు. బడికి లీడరైన అమ్మాయి పుస్తకం పట్టుకుని టేపు ఈ చివర నిలబడింది. ఇంకొకమ్మాయి చెక్కవంతెన మీదుగా వెళ్ళి ఆ చివర పట్టుకుంది. ఇక నీళ్ళలో దిగేదెవరు? నోరు లేనివాళ్ళే దిగుతారు.

అక్క దిగింది. ఈవైపు ఇసుక ఒడ్డు, కాలికి మెత్తగానే ఉంది. పన్నెండు, ఇరవై, ముప్పై ఒకటి, నలభై. ఐదో మీటరు దగ్గర నలభై ఎనిమిది. అక్కణ్ణించి నీళ్ళ రంగు మారింది. ముందుకు చాచిన కాలికి ఇసుక వాలుగా జారుతూ తగిలింది, బొటనవేలికి అడుగునుంచి చల్లటి నీళ్ళు తగిలాయి. అక్క కాలు వెనక్కి తీసేసుకుంది. ఒడ్డునుంచి లీడరు "ఆరు ఎంతే? తొందరగా చెప్పు, గంట కొట్టేస్తారు!" అని అరిచింది.

కొలకర్ర ఉన్నచోటే ఉంది. అక్క "యాభై!" అంది.

"ఏడు?"

"నలభై రెండు!"

తరువాత వంతెన మీదుగా ఆ ఒడ్డుకు వెళ్ళి, గట్టు అంచున చెట్టు వేళ్ళ మీద కూర్చుని ఎనిమిదో మీటరు మాత్రం నిజంగానే కొలిచింది. ముప్పై. ఆ తరగతి పిల్లల్లో దానికొక్కదానికే వచ్చిన దొంగబుద్ధి అనుకోకండి. ఒక కొలత తప్పిపోతే అటూ ఇటూ చూసి మధ్యలో సరిపడే అంకె వేసెయ్యడం ఆ గదిలో అందరికీ అలవాటే, వాననీళ్ళ కొలతల పట్టికలో ఆదివారాలన్నీ అలాగే నిండేవి. కాకపోతే మలుపు దగ్గర వాగు బయటి ఒడ్డును తవ్వేస్తుందనీ, లోతంతా అక్కడే ఉంటుందనీ అక్క అంతకు వారం ముందే పరీక్షలో పది మార్కుల జవాబు రాసి తొమ్మిది తెచ్చుకుంది. నా ఒళ్ళు మండేది అక్కడే. తెలిసీ రాసింది!

బొమ్మ అందంగా వచ్చింది, గిన్నె అడుగులా నున్నగా. గ్లోబు మాస్టారు మురిసిపోయి దాన్ని ఇండియన్ ఇంకుతో దిద్దించి, అద్దం కట్టించి, భూగోళం గదిలో కిటికీ పక్క గోడకు తగిలించాడు. రికార్డుకు ముప్పైకి ఇరవై ఎనిమిది వేశాడు. ఆ రోజు ఇంట్లో మేమంతా పండగ చేసుకుంటే అక్క అన్నం వదిలేసి లేచిపోయింది. దిష్టి తగిలిందంది అమ్మ.

ఏడాదిపాటు అక్క ఆ బొమ్మ కిందే కూర్చుని చదువుకుంది. ఎవరైనా బయటివాళ్ళు గదిలోకి వస్తే మాస్టారు వాళ్ళను బొమ్మ దగ్గరికి తీసికెళ్ళేవాడు. ఆయన బెత్తం ఒకటి, రెండు, మూడు అంటూ జరుగుతుంటే అక్కకు అరచేతుల్లో చెమట పట్టేది. బెత్తం ఆరు దాటాక ఊపిరి వచ్చేది. చెప్పేద్దామని మూడుసార్లు స్టాఫురూము దాకా వెళ్ళిందట. మూడుసార్లూ తలుపు దగ్గర కాళ్ళు రాలేదు. చెబితే రికార్డు కొట్టేస్తారు, కోర్సు పోతుంది, లీడరు చంపేస్తుంది. చెప్పకపోతే? కాగితం మీది అంకె, ఎవర్నేం చేస్తుంది? అలా అనుకుని వెనక్కి వచ్చేసేదట.

పన్నెండో తరగతిలో, మళ్ళీ అదే నెలలో, చెక్కవంతెన పలకలు పుచ్చిపోయాయని మరమ్మతుకు ఊడదీశారు. స్తంభాలు మాత్రం మిగిలాయి. అదే వారం మా ఎనిమిదో తరగతిని వాగు అవతల గట్టులో మట్టి పొరలు చూపించడానికి తీసికెళ్ళాలి. మామూలుగా వంతెన మీద వెళ్ళేవాళ్ళు. ఈసారి మాస్టారికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. అద్దం విప్పి బొమ్మ బయటికి తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు.

ఆ రోజు అక్క రెండో పీరియడుకు భూగోళం గదికి వెళితే, మాస్టారికి బదులు డ్రిల్లు టీచరు కూర్చుని హాజరు వేస్తోంది. అక్క అలవాటుగా గోడకేసి చూసింది. మేకు ఉంది, బొమ్మ లేదు. అది ఉన్నచోట సున్నం తెల్లగా నాలుగు పలకలుగా కనబడుతోంది.

"టీచర్, ఆ బొమ్మ ఏమైందండీ?"

"మీ మాస్టారే పట్టుకెళ్ళారమ్మా. వంతెన లేదుగా, ఎనిమిదో తరగతి పిల్లల్ని మలుపు దగ్గర నడిపించి దాటిస్తారట. మోకాలి పైదాకా నీళ్ళు, అంతేనట. కొలతలన్నీ అందులో ఉన్నాయన్నారు."

అక్కకు గదిలో ఏదో ఈల మోగుతున్నట్టు అనిపించిందట, చూస్తే అది దాని చెవుల్లోనే. ఎనిమిదో తరగతి అంటే నేను. పొద్దున అమ్మ నా సంచిలో రెండో జత బట్టలు పెడుతుంటే, ఎందుకో అడగకుండా నా జడ వేసి పంపింది ఆవిడే.

"ఎంతసేపయింది టీచర్?"

"ఇప్పుడే గేటు దాటుంటారు. ఏయ్, ఎక్కడికి? హాజరు వేసుకుని వెళ్ళు! అమ్మాయ్!"

అవి జేబుల్లో ఫోన్లు లేని రోజులు. పరుగెత్తడం ఒక్కటే దారి. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెడితే కిందనుంచి దూరిపోయింది. అచ్చాఫీసు సందు దాటింది, బస్సు డిపో గోడ వెంట పరుగెత్తింది. డిపోలో బస్సు కింద పడుకుని పనిచేస్తున్న మా నాన్న దాని కాళ్ళు మాత్రమే చూసి, ఎవరి పిల్లో కొంపలంటుకున్నట్టు పరుగెడుతోంది అనుకున్నాడట. చెప్పులు ఒకటి డిపో దగ్గర, ఒకటి ఇసుక లారీలు తిరిగే బాట మీద పోయాయి.

ఆ పరుగు గురించి అక్క నాకు ఒక్కసారే చెప్పింది, తల వంచుకుని. "సగం దారి దాకా నా మార్కులే కళ్ళముందు తిరిగాయే పొట్టీ. మాస్టారితో ఏమని చెప్పాలి, రికార్డు పోకుండా ఎలా చెప్పాలి, ఇదే. కొలకర్ర జారిందని చెబుదామా అనుకున్నాను. సగం దాటాకనే నీ మొహం కనబడింది." దాన్ని తలుచుకుని ఏడ్చినంతగా మిగతా దేనికీ ఏడవలేదు.

వాగు దగ్గర మాకు పండగలా ఉంది. వంతెన స్తంభం మీద కిందటేడు మాస్టారు పెట్టిన ఎర్రగీత ఉంది, నీళ్ళు సరిగ్గా ఆ గీత దగ్గరే ఉన్నాయి. "చూశారా! అదే నెల, అదే మట్టం. కాబట్టి అవే లోతులు," అన్నాడు ఆయన. ఈ ఒడ్డున చెట్టుకు కట్టిన తాడు చివర ఆయన నడుముకు చుట్టుకున్నాడు. మేము తాడు పట్టుకుని వరసగా దిగాలి, పొట్టివాళ్ళు ముందు. అంటే అందరికంటే ముందు నేను. నా ఆనందం అంతా ఇంతా కాదు.

మాస్టారు ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి దిగాడు. ఒక చేత బొమ్మ, ఒక చేత కొలకర్ర. ఒకటి దగ్గర కర్ర దించి చూశాడు, పన్నెండు. రెండు, మూడు, నాలుగు, అన్నీ బొమ్మలో ఉన్నట్టే. ఐదు దగ్గర నలభై ఎనిమిది. "ఒక్క సెంటీమీటరు తేడా లేదు! శాస్త్రమంటే ఇదీ!" అని ఉప్పొంగిపోయి, కొలకర్ర నా చేతికిచ్చి, మా వైపు తిరిగి పాఠం అందుకున్నాడు. వీపు ఆ ఒడ్డుకేసి పెట్టి, వెనక్కి నడుస్తూ. నాకు నీళ్ళు తొడల దాకా వచ్చాయి. నా వెనక పదిమంది నీళ్ళలో ఉన్నారు, మిగతావాళ్ళు ఇసుక మీద.

అప్పుడు గట్టు మీదనుంచి అరుపు వినబడింది. మా అక్క గొంతు అని నాకు తెలియలేదు. అక్క అరవడం నేనెప్పుడూ వినలేదు మరి.

"అబద్ధం! మాస్టారూ! ఆరు అబద్ధం! నేను కొలవలేదు! ఆరు కొలవలేదు!"

మాస్టారు తలెత్తి, "ఏ ఆరు?" అన్నాడు. అప్పటికే మడమ వెనక్కి వేసేశాడు.

మనిషి ఉన్నచోట మనిషి లేడు. ఆ గుండు కూడా కనబడలేదు. నీళ్ళమీద ప్లాస్టిక్ కవరు ఒక్కటి తిరుగుతోంది. మరుక్షణం తాడు నా అరచేతుల్లోంచి చర్మం లేపుకుంటూ లాగింది. వదిలెయ్యాలని నాకు తోచలేదు, బిగించి పట్టుకున్నాను. కాళ్ళ కింద ఇసుక జారింది, జారింది, ఇక లేదు. సరిగ్గా అప్పుడు నా జడ ఎవరో కుదుళ్ళతో సహా ఊడొచ్చేలా పట్టి వెనక్కి లాగారు. బకెట్టు అడుగు కనబడకపోతే చెంబు ముంచని మా అక్క, గట్టు దిగి పరుగెత్తుకొచ్చి, నడుము దాకా బురదనీళ్ళలో నిలబడి, ఒక చేత నా జడ, ఒక చేత తాడు పట్టుకుని, "లాగండే! అందరూ లాగండి!" అని అరుస్తోంది. ముప్పైమందిమి లాగాం. ఆయన చుట్టూ తాడు లేకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

మాస్టారు దగ్గుతూ ఇసుక మీద పడ్డాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. అక్క ఆయన ముందు నిలబడింది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన అడిగాడు.

"ఐదు కొలిచావా?"

"కొలిచానండి."

"ఆరు?"

"లేదండి."

"ఏడు?"

"లేదండి. ఎనిమిది కొలిచాను."

"ఎందుకమ్మా?"

"భయమేసిందండి."

ఆయన తిట్టలేదు. మా అందర్నీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి నెత్తినా చెయ్యి వేసి లెక్కపెట్టాడు. అది అయ్యాక మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. తరువాత తన నడుము తాడు విప్పి అక్క నడుముకు కట్టాడు. "ఇప్పుడు కొలువు. మేమంతా పట్టుకుంటాం," అన్నాడు.

అక్క ఏడుస్తూనే ఐదు దాకా వెళ్ళింది. రెండు మీటర్ల కొలకర్ర ముందుకు చాచి దించితే, కర్రంతా పోయి దాని చెయ్యి భుజం దాకా మునిగింది. అడుగు తగల్లేదు. టేపు చివర రాయి కట్టి దించింది. రెండు మీటర్ల అరవై. మాస్టారు రాసుకున్నాడు.

రికార్డు మార్కులు కొట్టేశారు. సర్వేయరు కోర్సు రాలేదు. మాస్టారు తన తప్పు కూడా కాగితం మీద పెట్టి హెడ్‌మిస్ట్రెస్‌కు ఇచ్చాడు, ఆ తరువాత ఆయన ఏ తరగతినీ బయటికి తీసికెళ్ళలేదు. అక్క నది దగ్గర ఉద్యోగంలో ఎలా చేరిందంటే, ఆ పోస్టుకు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. పోయి పోయి నీళ్ళ దగ్గర ఉద్యోగమేమిటే అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

నేను మాత్రం ఆ సంగతంతా సాహసకథలా చెప్పుకు తిరిగాను. అరచేతి మచ్చలు బళ్ళో అందరికీ చూపించాను. మాస్టారి గుండు మునగడం అభినయించి చూపిస్తే పిల్లలు పడి పడి నవ్వేవాళ్ళు. అక్క ఎదుట కూడా చేసేదాన్ని, సిగ్గులేకుండా. అది లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. "బెదురుగొడ్డు," అనేదాన్ని.

మూడేళ్ళకు నేనూ పదకొండో తరగతికి వచ్చాను, నేనూ భూగోళమే తీసుకున్నాను. మొదటి రోజు ఆ గదిలో కిటికీ పక్క కూర్చున్నాను. గోడమీద పాత అద్దంలో కొత్త బొమ్మ ఉంది. కొత్తగా ఎవరు గీశారో అడగక్కర్లేకపోయింది, ఆ గీతలు నాకు తెలుసు. ఐదు దాకా నున్నగా వచ్చిన గీత ఆరు దగ్గర నిలువునా కిందికి దిగిపోయింది. గ్రాఫు కాగితం చాలక కింద ఇంకో కాగితం అతికించారు. అందరూ భోజనానికి వెళ్ళాక బెంచీ ఎక్కి దగ్గరగా చూశాను.

ఆ గుంత అడుగున, అతికించిన కాగితం మీద, సన్నటి పెన్సిలుగీత ఒకటి నిలువుగా నిలబడి ఉంది. అగ్గిపుల్లంత కూడా లేదు. పక్కన పేరు లేదు, ఏమీ లేదు, చీమ తలకాయంత అంకెలు మాత్రం ఉన్నాయి. ఒక మీటరు ముప్పై ఎనిమిది.

పైన నీటిమట్టం చూపే నీలి గీత దాకా గళ్ళు లెక్కపెట్టాను. నా తలమీద ఇంకా ఒక మీటరు ఇరవై రెండు సెంటీమీటర్ల నీళ్ళున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. బెంచీ దిగడానికి కాళ్ళు రాలేదు. గోడకు రెండు చేతులూ ఆనించి, "అక్కా, అక్కా" అని ఖాళీ గదిలో పిలుస్తూ అలాగే నిలబడిపోయాను.